చందా ఫోన్లో కట్టమంటే సీనియర్లు ఎందుకు ఆగుతున్నారు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం వైజాగ్ చుట్టుపక్కల టీచర్ల దగ్గర్నుంచే, విషయం కూడా దాదాపు ఒకటే. యూనియన్ సభ్యత్వం చందా ఇకమీదట చేతికి తీసుకోం, ఫోన్‌పే, గూగుల్‌పే లాంటివాటిలోనే కట్టండి అంటున్నారట, దాంతో కట్టేవాళ్ళకీ కట్టించేవాళ్ళకీ కూడా తలనొప్పిగా ఉందట. సంఘాల పేర్లు, మనుషుల పేర్లు తీసేసి వేస్తున్నాను, ఏ సంఘమైనా ఇబ్బంది మాత్రం ఒకటే కదా.

ప్రశ్న: నేను ఆనందపురం వైపు ఒక మండల శాఖకి కార్యదర్శిని. ఈ ఏడాది నుంచి చందా మొత్తం ఆన్‌లైనే అని మా జిల్లా కమిటీ తీర్మానం చేసింది. ఈమధ్య డీఎస్సీల్లో వచ్చిన కుర్రాళ్ళు గ్రూపులో స్కానర్ పెట్టగానే కట్టేశారు. సమస్యల్లా సీనియర్లతోనే. "మీరొస్తారుగా, చేతిలో పెడతా, పట్టుకుపోండి" అంటారు. ఫోన్లో గ్యాస్ బుక్ చేస్తారు, కరెంటు బిల్లు కడతారు, మన చందా దగ్గరికొచ్చేసరికి మాత్రం "అవన్నీ నాకు రావు బాబూ" అంటారు. గట్టిగా అడిగితే అసలు సభ్యత్వమే వద్దంటారేమోనని భయం. ఏం చెయ్యమంటారు?

జవాబు: మేస్టారూ, కరెంటు బిల్లు ఫోన్లో కట్టే మనిషి చందా కట్టడం రాదంటున్నాడంటే చేతకాక కాదు, ఏదో అడ్డం పడుతోంది, అదేంటో పైకి చెప్పట్లేదు. అలాంటాయనకి మీరు పదిసార్లు "ఇక్కడ నొక్కండి సార్, అక్కడ స్కాన్ చెయ్యండి సార్" అని చూపిస్తే ఇంకా బిగుసుకుపోతాడు. ముందు అడ్డేంటో కనుక్కోండి, అదీ గ్రూపులో అడిగి కాదు, పక్కన కూర్చుని.

నేను చూసినంతలో పెద్ద అడ్డు ఒకటుంది, దాని గురించి ఏ కమిటీలోనూ మాట్లాడరు. ఏడాదికోసారి మీరు రసీదు పుస్తకం పట్టుకుని స్కూలుకి వస్తారు చూడండి, ఆ అరగంటలోనే ఆ సీనియర్ మేస్టారు తన పీఎఫ్ లోను ఎక్కడ ఆగిందో, మెడికల్ రీయింబర్స్‌మెంట్ బిల్లు ఏ టేబుల్ మీద ఉందో, సర్వీస్ రిజిస్టర్లో ఎక్కని ఎంట్రీ ఏంటో, మొన్నటి బదిలీల్లో తన పాయింట్లు ఎలా తగ్గాయో అన్నీ మీ చెవిలో వేస్తాడు, మీరూ రాసుకుంటారు, ఆయనకి చందా అన్నది ఆ మాటలకి ఒక వంక. ఇప్పుడు మీరు స్కానర్ పంపించి ఊరుకుంటే ఆయన లెక్కలో యూనియన్ ఆయన స్కూలుకి రావడం మానేసినట్టే. "చేతిలో పెడతా, రండి" అంటున్నాడంటే అందులో "రండి" అన్న మాటే ముఖ్యం. కాబట్టి డబ్బులు ఫోన్లోకి మార్చండి, స్కూలుకి వెళ్ళడం మాత్రం మార్చకండి. వీలైతే ఆ రెండో మాట కూడా తీర్మానంలో రాయించండి, ప్రతి స్కూలుకీ ఏడాదికి ఇన్నిసార్లు మండల శాఖ బాధ్యులు వెళ్ళి తీరాలి అని. అది రాయకుండా ఆన్‌లైన్ మాత్రమే పెడితే రెండేళ్ళలో చందాలు కూడా తగ్గుతాయి, నేను గట్టిగానే చెప్తున్నాను.

ఇంకో అడ్డు టీచరమ్మల విషయంలో ఉంటుంది, దీన్ని చాలా జాగ్రత్తగా చూడాలి. ఫోన్ ఆవిడదే, జీతం ఆవిడదే, కానీ బ్యాంకుకి ఇచ్చిన నంబరు ఇంటాయనది, ఓటీపీలు, మెసేజీలు అన్నీ ఆయన ఫోన్‌కే పోతాయి. ఫలానా సంఘానికి ఇంత పంపారు అని మెసేజ్ వెళ్తే ఇంట్లో సంజాయిషీ చెప్పుకోవాలి. ఆవిడ అది మీకు చెప్పదు, "నాకు రాదండీ" అని ఒక్క మాటతో తప్పించుకుంటుంది. అలాంటప్పుడు బలవంతం పెట్టకండి. ఆవిడ నోటు ఇస్తుంది, పక్క టీచరమ్మ తన ఫోన్లోంచి కడుతుంది, రసీదు మాత్రం ఆవిడ పేరు మీదే ఇవ్వాలి. మీ రిజిస్టర్లో రెండు గళ్ళు పెట్టుకోండి, సభ్యులు ఎవరు, ఎవరి ఖాతాలోంచి వచ్చింది అని. ఈ రెండో గడి లేకపోతే ఏడాది చివర లెక్క కుదరక కోశాధికారి తల పట్టుకుంటాడు, ఎందుకంటే బ్యాంకు స్టేట్‌మెంట్లో వచ్చేది ఖాతాదారు పేరే, సభ్యురాలి పేరు కాదు. తర్వాతెప్పుడైనా ఆవిడే అడిగితే తన నంబరుతో తన ఖాతా ఎలా కలుపుకోవాలో మహిళా బాధ్యులెవరైనా తోడు వెళ్ళి చేయించండి. అడగకపోతే వదిలెయ్యండి.

మూడోది, కొంతమంది జీతం పడే ఖాతాకి అసలు యూపీఐ పెట్టుకోరు. వేరే బ్యాంకులో చిన్న ఖాతా ఒకటి ఉంచుకుని, అందులో రెండు మూడు వేలు వేసుకుని, ఫోన్లో కట్టేవన్నీ దాంట్లోంచే కడతారు. దాన్ని చాదస్తం అని నవ్వకండి, అది చాలా తెలివైన పని. అసలు ఫోన్లో పెట్టుకోనివాళ్ళకి నేర్పేటప్పుడు నేనైతే ఈ పద్ధతే చెప్తాను, పోతే ఆ రెండు వేలే పోతాయి అన్న ధైర్యం ఉంటే చెయ్యి వణకదు.

ఇంక "మళ్ళీ ఇంకో యాప్ ఆ?" అన్న విసుగు. 2022లో ముఖం చూపించే హాజరు యాప్ వచ్చినప్పుడు టీచర్లు ఎంత ఇబ్బంది పడ్డారో, ఎంత గొడవైందో మీకు నేను చెప్పక్కర్లేదు. బాత్రూముల ఫొటోలు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, అన్నీ ఎక్కించి ఎక్కించి ఉన్నారు. అలాంటివాళ్ళ దగ్గరికి యూనియన్ కూడా ఒక కొత్త యాప్ పట్టుకెళ్తే ఎలా ఉంటుంది చెప్పండి. ఏ కొత్త యాప్ వద్దు, మీ ఫోన్లో ఇప్పటికే ఏది ఉంటే అందులోంచే కట్టండి అని మొదటి మాటగా చెప్పండి.

ఇప్పుడు కూర్చోబెట్టి చేయించే సంగతి. స్కూల్ కాంప్లెక్స్ సమావేశం రోజు మంచిది, అన్ని స్కూళ్ళవాళ్ళూ ఒకచోట ఉంటారు, భోజనం టైములో ఒక మూల బెంచీ వేసుకుని కూర్చోండి. నెలాఖర్న వద్దు, జీతాలు పడ్డాక పెట్టుకోండి. నేర్పడానికి చకచకా వేళ్ళాడించే కుర్రాణ్ణి పెట్టకండి, మొన్నటిదాకా తనూ భయపడి ఈమధ్యే నేర్చుకున్న యాభై ఏళ్ళ మేస్టారు ఎవరైనా ఉంటే ఆయన్ని పెట్టండి, ఎక్కడ గుండె ఆగుతుందో ఆయనకి తెలుసు. ఒకే ఒక్క కట్టుబాటు, నేర్పేవాళ్ళు ఎదుటివాళ్ళ ఫోన్ ముట్టుకోకూడదు. ఎంత ఆలస్యమైనా సరే వాళ్ళే నొక్కాలి, పిన్ను కొట్టేటప్పుడు మీరు తల పక్కకి తిప్పుకోవాలి, అదీ వాళ్ళకి కనపడేలా తిప్పుకోవాలి. "ఇలా ఇవ్వండి మేడం, నేను చేసేస్తా" అని లాక్కుని చేసేస్తే ఆ రోజు పని అవుతుంది, వచ్చే ఏడాది మళ్ళీ మీరే చెయ్యాలి, పైగా పిన్ను ఇంకొకళ్ళకి చెప్పడం అలవాటు చేసిన పాపం మీకు చుట్టుకుంటుంది.

ముందు ఒక్క రూపాయి పంపించండి. స్కాన్ చెయ్యగానే తెర మీద వచ్చే పేరు పైకి చదివించండి, అది సంఘం పేరే అయ్యుండాలి, వేరే పేరొస్తే అక్కడే ఆపెయ్యాలి అని చెప్పండి. ఆ రూపాయి చేరినట్టు కోశాధికారి ఫోన్లో చూపించండి, అప్పుడు మిగతాది కట్టించండి. వెంటనే అక్కడే చేత్తో రాసిన రసీదు ఇవ్వండి. ఫోన్లో కట్టాక మళ్ళీ కాగితం ఎందుకు అనుకోవద్దు, ఆ పచ్చ కాగితం ముక్క పర్సులో పెట్టుకున్నాకే వాళ్ళ మనసు కుదుటపడుతుంది.

ప్రశ్న: నేను గోపాలపట్నంలో ఉంటాను, మా శాఖకి కోశాధికారిని. సభ్యులంతా నా ఫోన్‌పే నంబరుకే వేస్తున్నారు, నేను నెలకోసారి మొత్తం తీసి జిల్లాకి పంపుతున్నాను. లెక్క పక్కాగానే ఉంది. అయినా మా ఆవిడ "ఎప్పటికైనా నీ పీకకి చుట్టుకుంటుంది" అంటోంది. నిజమేనా?

జవాబు: నిజమేనండీ, మీ ఆవిడ మాట వినండి. మీ నిజాయితీ మీద నాకే అనుమానమూ లేదు, కానీ ఊరందరి డబ్బు మీ సొంత ఖాతాలోంచి నడవడం మీకే మంచిది కాదు. రేపు ఇన్‌కమ్ ట్యాక్సువాళ్ళు ఈ జమలేంటి అని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరు. దేవుడు చల్లగా చూడాలిగానీ మీకేమైనా అయితే ఆ డబ్బు నామినీ చేతికి వెళ్తుంది, సంఘం మీ ఇంటి గుమ్మం ముందు నిలబడాలి, ఆ టైములో మీ ఇంట్లోవాళ్ళకి అది ఎంత కష్టం. ఇంకో ప్రమాదం ఈమధ్య బాగా పెరిగింది, ఎక్కడో ఎవర్నో మోసం చేసిన డబ్బు చేతులు మారి మారి మీ ఖాతాలో పడిందనుకోండి, పోలీసులు ఆ దారి పట్టుకుని వచ్చి ఖాతా ఆపించేస్తారు, మీ జీతమూ సంఘం చందాలూ రెండూ ఒకేసారి ఇరుక్కుంటాయి, మీ తప్పేమీ లేదని తేల్చుకుని బయటపడేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

చెయ్యాల్సింది ఇది. సంఘం రిజిస్టరైతే, మన రాష్ట్రంలో మామూలుగా 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద అవుతుంది, ఆ సర్టిఫికెట్టు, బైలాస్, ఖాతా తెరవాలని కమిటీ చేసిన తీర్మానం, సంఘం పేరు మీద పాన్ కార్డు, సంతకాలు పెట్టేవాళ్ళ ఆధార్, పాన్ పట్టుకుని బ్యాంకుకి వెళ్తే సంఘం పేరు మీదే ఖాతా ఇస్తారు. మండల శాఖకి విడిగా రిజిస్ట్రేషన్ లేకపోతే జిల్లా ఖాతాకే నేరుగా కట్టించి, మండలం వాటా వెనక్కి పంపించుకోండి. ఆ ఖాతా మీద బ్యాంకు దగ్గరే స్కానర్ తీసుకోండి. బ్యాంకు ఖాతాలోంచి కట్టే మామూలు యూపీఐకి 2020 జనవరి నుంచి వ్యాపారుల మీద వేసే ఛార్జీ లేదు, కాబట్టి వంద కడితే వందా వస్తుంది. అదే క్రెడిట్ కార్డు కలుపుకుని కట్టేది వేరే లెక్క, చందాకి దాని జోలికి వెళ్ళొద్దు.

ముఖ్యమైన మాట ఒకటి, ఆ ఖాతాలోకి డబ్బు రావడానికే స్కానర్, బయటికి పోవడానికి మాత్రం చెక్కే ఉంచండి, ఇద్దరి సంతకాలతో. ఫోన్లోంచి పంపే సదుపాయం పెట్టుకుంటే ఒక్క మనిషి పిన్నుతో మొత్తం పోతుంది, ఇద్దరు సంతకం పెట్టాలన్న పాత కట్టుబాటు ఎందుకు పెట్టారో అది అక్కడితో పోయినట్టే. కార్యవర్గం మారినప్పుడల్లా బ్యాంకులో సంతకాలు మార్పించడం మర్చిపోకండి, ఎన్నికలైపోయి పాత కోశాధికారి బదిలీ మీద వెళ్ళిపోయాక ఆయన ఫోన్‌కే ఇంకా మెసేజీలు పోతుంటాయి, ఇది చాలా సంఘాల్లో జరిగేదే.

ఇంకా, ఎవరైనా కట్టినట్టు స్క్రీన్‌షాట్ పంపగానే రసీదు రాసెయ్యకండి. స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు కూడా ఉన్నాయి, మన టీచర్లు అలా చేస్తారని కాదు, కొన్నిసార్లు పెండింగ్‌లో ఉన్నదాన్ని కూడా అయిపోయిందనుకుని పంపేస్తారు. ప్రతి లావాదేవీకీ పన్నెండు అంకెల నంబరు ఒకటి ఉంటుంది, యూటీఆర్ అంటారు, సాయంత్రం కూర్చుని స్టేట్‌మెంట్లో ఆ నంబరు చూసుకుని టిక్కు పెట్టుకోండి.

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నాను, స్కూల్ అసిస్టెంటుని. ఆటోపే పెట్టుకోండి, ప్రతి నెలా దానంతట అదే కట్ అవుతుంది అంటున్నారు. ఒకసారి తాళం చేతికిచ్చాక ఎంత తీసుకుంటారో ఎవరికి తెలుసు? పైగా సంఘం మారాలనుకుంటే ఆగుతుందా?

జవాబు: అమ్మా, మీ భయంలో అర్థం ఉంది, కానీ తాళం మొత్తం ఇచ్చినట్టు కాదు. యూపీఐ ఆటోపే 2020లో వచ్చింది, ఒప్పుకునేటప్పుడే ఎంత మించకూడదు, ఎన్నాళ్ళకోసారి, ఎప్పటిదాకా అన్నవి మీ కళ్ళముందే తెర మీద ఉంటాయి, అవి చదివి పిన్ను కొడితేనే మొదలవుతుంది. డబ్బు కట్ అవ్వడానికి కనీసం 24 గంటల ముందు మీకు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు రూలు. మీ యాప్‌లోనే ఆటోపే అన్నచోటికి వెళ్ళి మీరే ఆపేసుకోవచ్చు, యూనియన్ ఆఫీసుకి ఫోన్ చేసి బతిమాలక్కర్లేదు, ఎందుకు ఆపారని ఎవరికీ చెప్పుకోనక్కర్లేదు.

ఒప్పుకునేముందు ఆ గరిష్ఠ మొత్తం దగ్గర ఆగి చూడండి. నెలకి యాభయ్యో వందో అయితే అక్కడ ఐదువేలు అని కనబడకూడదు. కొంతమంది బాధ్యులు "ఎందుకైనా మంచిది" అని పెద్ద అంకె వేసేస్తారు, దురుద్దేశంతో కాదు, మళ్ళీ మళ్ళీ మార్చుకోవడం ఎందుకని. అలా ఉంటే ఒప్పుకోకండి, తగ్గించి పంపమనండి. చివరి తేదీ కూడా ఒక ఏడాదో రెండేళ్ళో పెట్టమనండి.

అసలు నా అభిప్రాయం అడిగితే ఏడాదికోసారి కట్టే సభ్యత్వానికి ఆటోపే అవసరమే లేదు, ఒక్కసారి స్కాన్ చేసి కట్టేస్తే అయిపోతుంది. కుటుంబ సంక్షేమ నిధి లాంటిది నెలనెలా కట్టేవాళ్ళకి మాత్రం ఇది వరం, ఎందుకంటే అందులో నాలుగు నెలలు తప్పితే అవసరం పడ్డప్పుడు ఇంట్లోవాళ్ళకి సాయం రాదు. తేదీ మాత్రం ఒకటీ రెండూ పెట్టకండి. జీతం ఒకటో తారీఖున పడని నెలలు మనం చూడనివి కావు. పది తర్వాత పెట్టుకోండి, ఖాతాలో డబ్బు లేక తిరిగొస్తే, ముఖ్యంగా బ్యాంకు ఫారం మీద సంతకం పెట్టి ఇచ్చే నాచ్ పద్ధతిలో అయితే, బ్యాంకులు జరిమానా వేస్తాయి, యాభై రూపాయల చందాకి వందల్లో జరిమానా పడితే ఆ మనిషి మళ్ళీ యూనియన్ ముఖం చూడడు.

ప్రశ్న: ఎంవీపీ కాలనీ. మా చెల్లెలు అమెరికాలో ఫ్లోరిడాలో స్కూల్ టీచరు. అక్కడ కూడా యూనియన్ చందా జీతంలో కట్ అయ్యేది ఆపేశారని, అందరూ ఆన్‌లైన్‌లోకి మారాల్సొచ్చిందని చెప్పింది. మనకి జీతంలోంచే కట్ చేయిస్తే ఈ గోలంతా ఉండదు కదా?

జవాబు: మీ చెల్లెలు చెప్పింది సరిగ్గానే ఉంది, ఆ కథ మన బాధ్యులందరూ వినాల్సింది. ఫ్లోరిడాలో 2023లో చట్టం చేశారు, టీచర్లతో సహా చాలా ప్రభుత్వోద్యోగుల సంఘాలకి జీతంలోంచి చందా కట్ చెయ్యడం ఆపేశారు, పోలీసు, ఫైర్ సిబ్బంది సంఘాల్ని మాత్రం మినహాయించారు. అంతటితో ఆగలేదు, సంఘం పరిధిలో ఉన్న ఉద్యోగుల్లో 60 శాతం మంది చందా కడుతున్నట్టు చూపించాలి, లేకపోతే గుర్తింపు కోసం మళ్ళీ ఓటింగు దాకా వెళ్ళాలి. అంటే ఒక్కో మనిషి దగ్గరికీ వెళ్ళి ఆన్‌లైన్‌లోకి మార్పించుకోలేకపోతే సంఘమే ఉండదు. అంతకుముందు మిషిగన్‌లో 2012లో స్కూలు ఉద్యోగులకి ఇలాగే ఆపేశారు, మళ్ళీ 2023లో ఆ నిషేధం ఎత్తేశారు, మధ్యలో పదకొండేళ్ళు ఒక్కొక్కళ్ళనీ పట్టుకుని బ్యాంకు ఖాతాలోంచి కట్టించుకుంటూనే బతికారు.

మన దేశంలో కూడా జీతంలోంచి కట్ చేసే పద్ధతి లేదని కాదు, కేంద్ర ప్రభుత్వోద్యోగుల సంఘాల గుర్తింపుకి 1993లో వచ్చిన నియమాల్లో అది ఉంది, చెక్ ఆఫ్ అంటారు, ఏ సంఘంలో ఎంతమంది ఉన్నారో జీతం బిల్లులోనే తేలిపోతుంది. సౌకర్యమే, కాదనను. కానీ ఏ ప్రభుత్వం మీద ధర్నా చెయ్యడానికి జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర టెంటు వేస్తామో ఆ ప్రభుత్వం చేతుల మీదుగానే మన చందా రావాలంటే, వాళ్ళకి కోపం వచ్చిన రోజు ఒక్క జీవోతో ఆగిపోతుంది. స్కూలు స్కూలుకీ తిరిగి వసూలు చేసుకునే మన అలవాటు కష్టమే గానీ, అది ఎవరూ ఆపలేనిది. ఫోన్లోకి మారినా సరే డబ్బు సభ్యుడి ఖాతాలోంచి నేరుగా సంఘం ఖాతాలోకే వస్తుంది, మధ్యలో జీతం బిల్లు పెట్టే డీడీవో లేడు, ట్రెజరీ లేదు. అందుకే ఈ గోల పడటమే మంచిదంటాను.

ప్రశ్న: నాది మధురవాడ, ఉద్యోగం ముంచంగిపుట్టు వైపు. స్కూలు దగ్గర సిగ్నల్ ఉండదు, గుట్ట మీదకెక్కితే ఒక్క గీత వస్తుంది. మాలాంటివాళ్ళం ఎలా కట్టాలి?

జవాబు: శనివారం కిందకి దిగినప్పుడు కట్టండి, గుట్ట మీద ఒక్క గీత సిగ్నల్‌తో మాత్రం ప్రయత్నించకండి, డబ్బు మధ్యలో వేలాడిపోయేది అలాంటప్పుడే. నెట్ లేకుండా బటన్ల ఫోన్లోంచి కూడా కట్టే పద్ధతి 2022లో వచ్చింది, యూపీఐ 123పే అని, దానికి మాట్లాడుకునేంత సిగ్నల్ చాలు. స్టార్ 99 హ్యాష్ కొట్టే పాత పద్ధతి కూడా ఉంది. అయితే ఒకటి చూసుకోండి. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక మీ స్కూలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది, ఇల్లు విశాఖలో ఉంది కదా అని ఇక్కడి గ్రూపులో వచ్చిన స్కానర్‌కి కట్టేస్తే మీ సభ్యత్వం వేరే జిల్లా లెక్కలో పడుతుంది, అక్కడి జాబితాలో మీ పేరుండదు.

బాధ్యులకి కూడా ఈ ఉత్తరం చూసి ఒక మాట చెప్పాలి. ఏజెన్సీ మండలాల్లో చేతికి తీసుకోం అని రూలు పెట్టకండి, రసీదు పుస్తకాలు అచ్చు వెయ్యడం మానకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఏజెన్సీ దాకా ఎందుకు, విశాఖ సిటీలోనే రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలు లేవు, చేతిలో ఉన్న నోటే నోటు. అలాంటి రోజున సాయం నిధి వసూలు చెయ్యాలన్నా, పంచాలన్నా కాగితం మీద నడిపే అలవాటు మనకి మిగిలి ఉండాలి.

ప్రశ్న: చందా కట్టాను, నా ఖాతాలో కట్ అయింది, సంఘానికి పడలేదట. మళ్ళీ కట్టమంటున్నారు. – పెందుర్తి

జవాబు: వెంటనే మళ్ళీ కట్టకండి, ఆగండి. వ్యక్తి ఖాతాకి పంపిందైతే మర్నాటికల్లా, స్కానర్‌కి వ్యాపారి పద్ధతిలో కట్టిందైతే ఐదు రోజుల్లోపు దానంతట అదే వెనక్కి రావాలి, అలా రాకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకీ వంద రూపాయలు బ్యాంకు మీకు చెల్లించాలని రిజర్వ్ బ్యాంకు 2019లో చెప్పింది. ఆ పన్నెండంకెల నంబరు పట్టుకుని యాప్‌లోనే ఫిర్యాదు పెట్టండి. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో మాత్రం వెతక్కండి, అక్కడ కనబడే నంబర్లలో దొంగలవి కూడా ఉంటాయి, డబ్బు పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది అలా వెతికినవాళ్ళే.

ప్రశ్న: యూనియన్ ఆఫీసు నుంచి అని ఒకతను ఫోన్ చేశాడు, "మీరు రెండుసార్లు కట్టారు మేడం, ఒకటి రిఫండ్ చేస్తాం, ఈ స్కానర్ స్కాన్ చేసి పిన్ను కొట్టండి" అన్నాడు. అనుమానమొచ్చి పెట్టేశాను. మా స్కూల్లో ఇంకో మేడం మాత్రం కొట్టేసింది, డబ్బులు పోయాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పట్లేదు. – సీతమ్మధార

జవాబు: ఆవిడతో ఈ రోజే, ఇప్పుడే 1930కి ఫోన్ చేయించండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, మొదటి కొన్ని గంటల్లో చెప్తే డబ్బు దొంగ చేతికి చేరకముందే ఆపే అవకాశం ఉంటుంది. తర్వాత బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వండి. పిన్ను తనే కొట్టింది కాబట్టి బ్యాంకుకి తెలియజేసేదాకా పోయింది తన మీదే పడుతుంది, తెలియజేశాక ఇంకా పోతే అది బ్యాంకు భరించాలి, రిజర్వ్ బ్యాంకు 2017లో పెట్టిన రూలు అది. సిగ్గుతో గడిపే ప్రతి గంటా నష్టమే. ఆవిడ తెలివితక్కువదేం కాదు, ఆ ఫోన్లు చేసేవాళ్ళకి రోజంతా అదే పని.

మనకి డబ్బు రావడానికి ఎప్పుడూ, ఏ యాప్‌లోనూ పిన్ను కొట్టక్కర్లేదు. పిన్ను అడిగితే డబ్బు పోతోందనే అర్థం. ఈ రెండు వాక్యాలు పెద్దక్షరాలతో రాసి స్టాఫ్ రూమ్ గోడకి అంటించండి. బాధ్యులు కూడా స్కానర్ బొమ్మని అందరూ పోస్టులు పెట్టే గ్రూపులో వదలకండి, ఫార్వర్డ్ అవుతూ అవుతూ మధ్యలో ఎవరైనా వేరేది పెట్టేస్తే ఎవరూ గుర్తుపట్టలేరు, స్కానర్ అంటే నల్ల చుక్కలే కదా. రసీదు పుస్తకం అట్ట మీదే స్కానర్ అచ్చు వేయించి, సంఘం ముద్ర కొట్టి, వసూలుకెళ్ళేవాళ్ళు చేత్తో పట్టుకెళ్తే నయం. సంఘం ఎవరికైనా డబ్బు తిరిగివ్వాల్సొస్తే చెక్కు ద్వారానే ఇస్తుంది, ఫోన్లో ఎప్పుడూ అడగదు అని ముందే ప్రకటించండి.

ప్రశ్న: చందాకి ఇన్‌కమ్ ట్యాక్సులో మినహాయింపు ఉందా? – అక్కయ్యపాలెం

జవాబు: జీతం తీసుకునేవాళ్ళకి లేదండీ. వృత్తి పన్నుకి పాత విధానంలో ఉంది, యూనియన్ చందాకి లేదు. ఆన్‌లైన్‌లో కట్టినంత మాత్రాన అది మారదు.

ప్రశ్న: మా మండల గ్రూపులో "ఇంకా ఆన్‌లైన్‌లో కట్టనివారు" అని పేర్లు, స్కూళ్ళు, ఫోన్ నంబర్లతో సహా లిస్టు పెట్టారు. అందులో నా పేరుంది. నేను పదిహేనేళ్ళుగా సభ్యురాలిని, ఒక్క ఏడాదీ ఎగ్గొట్టలేదు. ఈసారి మా అమ్మని కేజీహెచ్‌లో చేర్చి ఆ హడావుడిలో ఉన్నాను. ఆ లిస్టు చూశాక కట్టబుద్ధి కావట్లేదు. – భీమిలి

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి సంగతి చూసుకోండి, చందా ఎక్కడికీ పోదు. అమ్మగారు త్వరగా కోలుకోవాలి.

ఆ లిస్టు పెట్టడం చాలా తప్పు, పెట్టినవాళ్ళు ఈ పేజీ చదువుతుంటే నేరుగా వాళ్ళకే చెప్తున్నాను. ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో అన్నది కోశాధికారికీ ఆ సభ్యుడికీ మధ్య ఉండాల్సిన విషయం. సభ్యత్వం కోసమని ఇచ్చిన ఫోన్ నంబరు గ్రూపులో అందరి ముందూ పెట్టడానికి ఆవిడ ఒప్పుకోలేదు, మనిషి ఒప్పుకున్న పనికే వాళ్ళ వివరాలు వాడాలని 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం కూడా చెప్తోంది. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఇంట్లో కష్టంలో ఉన్న సభ్యురాలికి యూనియన్ నుంచి వెళ్ళాల్సింది ఒక ఫోను, "అమ్మకెలా ఉంది, సెలవు శాంక్షనైందా, మెడికల్ బిల్లులు జాగ్రత్తగా దాచుకోండి, రీయింబర్స్‌మెంట్‌కి మేం పెట్టిస్తాం" అని. అలా ఒక్క మాట అడిగుంటే ఆవిడ ఆసుపత్రి వరండాలోంచే కట్టేసేది.

మీరు మాత్రం గ్రూపులో జవాబివ్వకండి, అక్కడ మాటకి మాట పెరుగుతుంది. మండల అధ్యక్షుడికి ఒక చిన్న ఉత్తరం రాయండి, లిస్టు తీసెయ్యమని, తీసేశాక అదే గ్రూపులో ఒక వాక్యం విచారం తెలపమని అడగండి. ఉత్తరం నకలు జిల్లా ప్రధాన కార్యదర్శికి పంపండి. సభ్యత్వం మాత్రం వదులుకోకండి, ఈ ఉత్తరం రాసే హక్కు మీకు ఆ సభ్యత్వం వల్లే వచ్చింది.